అమెరికా ఫోన్‌లో ఐసీ మార్పిస్తే ఇక్కడి 4జీ వస్తుందా? నేను మార్పించి చూశాను

మీరు అడిగింది ఇదీ: అన్నయ్య అమెరికా నుంచి పంపిన ఫోన్‌లో జియో సిమ్ వేస్తే ఒకటో రెండో గీతలు వస్తున్నాయి, నెట్ నత్తనడక, కాల్స్ అసలు వెళ్లడం లేదు. గాజువాకలో ఒక షాపతను ‘నెట్‌వర్క్ ఐసీ’ (సిగ్నల్ చూసుకునే చిప్పు) మార్చి సరిచేస్తా, 4,500 ఇవ్వమన్నాడు. ఇవ్వాలా వద్దా?

ఇవ్వకండి. ఇదే పని నేను 2019లో చేయించాను.

మా బావ డాలస్ నుంచి వస్తూ నాకో ఫోన్ తెచ్చాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. తీరా సిమ్ వేస్తే, మురళీనగర్‌లో మా డాబా ఎక్కితే తప్ప నెట్ కదిలేది కాదు. జగదాంబ దగ్గర సందులో ఒక షాపుకి పట్టుకెళ్లాను. “ఏం పర్లేదు గురూ, పీఏ మార్చేస్తే మన బ్యాండ్లన్నీ వచ్చేస్తాయి, సాయంత్రం రా” అన్నాడు. బ్యాండ్ అంటే సిగ్నల్ నడిచే ఒక్కో ఫ్రీక్వెన్సీ వాటా, పీఏ అంటే సిగ్నల్‌కి బలమిచ్చే ఐసీ. 3,500కి ఒప్పుకున్నాను. సాయంత్రం వెళ్తే రేపు రమ్మన్నాడు. నాలుగో రోజు ఫోన్ చేతిలో పెట్టాడు. ఆన్ అవుతోంది, వైఫై వస్తోంది, సిగ్నల్ చోట మాత్రం ‘నో సర్వీస్’. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) రావాల్సిన చోట ఖాళీ. అంటే ఐసీ ఊడదీయడానికి హీట్ ఇచ్చేటప్పుడు, నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెమ్ వైపు ఏదో పోయింది. “బోర్డులో ముందే ప్రాబ్లం ఉంది” అన్నాడు. అరగంట వాదించాక సగం డబ్బులు తిరిగొచ్చాయి.

అసలు ఇది ఎందుకు కుదరదో తర్వాత వేరే మెకానిక్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఫోన్‌లో ఒక్కో బ్యాండ్‌కి ఒక్కో జల్లెడ ఉంటుందనుకోండి. దాన్నే ఫిల్టర్ అంటారు. గాలిలో ఉన్న సవాలక్ష తరంగాల్లో తనకి కావలసిన ముక్కనే లోపలికి వదులుతుంది. దాని వెనక ఆ బ్యాండ్‌కి సరిపడే పవర్ యాంప్లిఫయర్, అంటే పీఏ. అమెరికాకి తయారుచేసిన బోర్డులో మన బ్యాండ్ జల్లెడ లేకపోతే, చాలాసార్లు దాన్ని కూర్చోబెట్టే చోటు, దారి కూడా ఉండవు. కొన్ని మోడళ్లలో అన్ని దేశాలకీ ఒకటే బోర్డు వేసి, అక్కర్లేని చోట పార్టులు ఖాళీగా వదిలేస్తారు. అక్కడ చేయి తిరిగినవాడు పార్టు పెట్టగలడు. పెట్టినా పని అయిపోదు. ఫ్యాక్టరీలో ప్రతి ఫోన్‌నీ మిషన్ మీద పెట్టి, ఏ బ్యాండ్‌లో ఎంత పవర్ వదలాలో కొలిచి, ఆ లెక్కలు మెమరీలో రాస్తారు. కొత్త బ్యాండ్‌కి ఆ లెక్కలు ఉండవు. ఆ మిషన్ రిపేరు షాపులో దొరకదు. ఇక యాంటెనా. 850 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు, 2300ది 13. ఒకదానికి సరిచేసిన యాంటెనా రెండోదానికి అంతంతమాత్రమే.

మీ ఫోన్ సంగతికొస్తే, నా అంచనా ఇది. జియో 4జీ మూడు బ్యాండ్లలో నడుస్తుంది: 850 అంటే బ్యాండ్ 5, 1800 అంటే బ్యాండ్ 3, 2300 అంటే బ్యాండ్ 40. వీటిలో 3, 40 అమెరికా కంపెనీలు వాడవు. 850 మాత్రం అక్కడా ఉంది. కాబట్టి మీ ఫోన్ ఆ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడుతున్నట్టుంది. 850 గోడలు దాటి వస్తుంది గానీ దాని వెడల్పు తక్కువ, అందుకే గీతలు ఉన్నా స్పీడు లేదు.

కాల్స్ వెళ్లకపోవడం మాత్రం వేరే జబ్బు. జియోకి 2జీ, 3జీ లేవు, మాట కూడా వోల్టే మీదే, అంటే 4జీ డేటాలోనే వెళ్లాలి. ఆ ఆపరేటర్ వోల్టే సెట్టింగులు ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే డేటా వస్తుంది, కాల్ వెళ్లదు. దీనికి ఐసీకి ఏం సంబంధం? మీ షాపతన్ని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఎయిర్‌టెల్ సిమ్ ఒకటి అడిగి తీసుకుని వేసి చూడండి, దానికి 2జీ ఉంది కాబట్టి కాల్ వెళ్లొచ్చు. ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ లాంటి మాట రావడం లేదంటే లాక్ (ఒకే కంపెనీ సిమ్ పనిచేసేలా కట్టేయడం) సమస్య కాదు. లాక్ తీసేసిన ఫోన్ అంటే అన్ని బ్యాండ్లూ ఉన్న ఫోన్ అని చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను.

నా కథ అక్కడితో ఆగలేదు లెండి. ఏడాది తర్వాత, పైన చెప్పిన ఆ మెకానిక్కే, స్క్రీన్ పగిలిన ఆసియా మోడల్ ఫోన్ నుంచి బోర్డు తీసి నా దాంట్లో వేశాడు. 6,000. నెట్‌వర్క్ వచ్చింది! హార్డ్‌వేర్ మార్చి వేరే దేశం నెట్‌వర్క్‌కి తేవడం అంటే నిజంగా పనిచేసే పద్ధతి ఇదొక్కటే, అదీ ఫోన్ మార్చడం కిందే లెక్క. నా ఫొటోలు పాత బోర్డుతోనే పోయాయి. వేలిముద్ర సెన్సార్ కొత్త బోర్డుని గుర్తించలేదు. యాంటెనా పాతదే కాబట్టి ఇంట్లో మా ఆవిడ ఫోన్ కంటే నాదానికి ఎప్పుడూ ఒక గీత తక్కువే. రెండు రిపేర్లకీ కలిపి 7,750 వదిలింది, ఇంకో రెండు మూడు వేలు వేసుకుంటే అప్పట్లో కొత్త ఫోనే వచ్చేది.

బోర్డు మారిస్తే ఐఎంఈఐ కూడా ఆ బోర్డుదే వస్తుంది. అది దొంగ ఫోన్‌దైతే? నేను అప్పుడు చూసుకోలేదు, బుద్ధి తక్కువ. ఇప్పుడైతే కేవైఎం అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపితే బ్లాక్‌లో ఉందో లేదో తెలుస్తుంది. “పాత నంబరే మళ్లీ ఎక్కిస్తా” అని ఎవరైనా అంటే అక్కడినుంచి వచ్చేయండి. 2023 టెలికం చట్టం ప్రకారం ఐఎంఈఐ మార్చితే మూడేళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, రెండూ పడొచ్చు.

బ్యాండ్ పార్టు ఉండి కూడా సాఫ్ట్‌వేర్‌లో ఆపేసిన ఫోన్లు కొన్ని ఉంటాయి. వాటిని కంప్యూటర్‌కి పెట్టి తెరిచేవాళ్లున్నారు. ముందుగా సెట్టింగ్స్‌లో ఎబౌట్ ఫోన్‌లోకి వెళ్లి మోడల్ నంబర్ పూర్తిగా రాసుకుని, ఆ నంబర్‌కి ఏ బ్యాండ్లు ఉన్నాయో వెతకండి. పేరు ఒకటే అయినా చివరి అక్షరం తేడాతో బ్యాండ్లు మారిపోతాయి. 40 అందులో లేకపోతే ఆ ఫోన్‌ని ఇంట్లో వైఫైకి వాడుకోండి, లేదా ఎవరైనా అటు వెళ్తుంటే మీ అన్నయ్యకే పంపేయండి. అక్కడ అది మంచి ఫోనే. ఈసారి కొనేటప్పుడు 3, 5, 40, 5జీకైతే ఎన్78 ఉన్నాయో లేదో చూసి కొనమనండి.