దావీదు పాపంలో ‘పడిపోయాడా’, పాపం ‘చేశాడా’?

సందేహం: సండే స్కూల్ పిల్లల కోసం దావీదు రాజు జీవితం నుంచి నేర్చుకోవలసిన పాఠాలు రాస్తున్నాను. ‘దావీదు పాపంలో పడిపోయాడు’ అని రాస్తే మా సంఘ పెద్దాయన ఒకరు ‘పాపం చేశాడు’ అని దిద్దారు. ప్రసంగాల్లో ‘పడిపోయాడు’ అనే మాట తరచు వింటూనే ఉంటాం గదా! ఏది సరైనది? రాజు కాబట్టి ‘చేశారు’ అనాలా?

సమాధానం: వ్యాకరణం దృష్ట్యా మీ వాక్యంలో దోషం లేదు. అయినా ఈ సందర్భానికి పెద్దాయన దిద్దుబాటే సరైనదని నా అభిప్రాయం.

‘పడు’ అన్నంత మాత్రాన తెలియక జరిగినట్టు కాదు. పనిలో పడ్డాడు, కాళ్లమీద పడ్డాడు అంటే కావాలని చేసినవే. కానీ ఇలాంటి క్రియకు ‘పోవు’ చేరితే చాలాసార్లు మనిషి చేతిలో ఏమీ లేనట్టవుతుంది: జారిపోయాడు, తడిసిపోయాడు, మరిచిపోయాడు. ‘పాపంలో పడిపోయాడు’ అన్నా అంతే. దారిలో గొయ్యి ఉంది, చూసుకోలేదు పాపం, అన్న జాలి అందులో వినిపిస్తుంది.

ఇప్పుడు బైబిల్లో 2 సమూయేలు గ్రంథం 11వ అధ్యాయం తెరిచి క్రియలు గమనించండి. సాయంకాలం మిద్దె మీద నడుస్తుంటే, స్నానం చేస్తున్న బత్షెబ కంటబడింది. అంతవరకు ‘శోధనలో (అంటే ప్రలోభంలో) పడ్డాడు’ అనండి, ఒప్పుకుంటాను. ఆ తరువాత? ఆమె ఎవరో విచారించాడు. హిత్తీయుడైన ఊరియా భార్య అని తెలిసింది. తెలిసీ మనుషుల్ని పంపి పిలిపించాడు. ఆమె గర్భవతి అని కబురు రాగానే యుద్ధంలో ఉన్న ఊరియాను రప్పించి ఇంటికి వెళ్లమన్నాడు. మందసమూ (దేవుని పవిత్రమైన పెట్టె) తోటి సైనికులూ గుడారాల్లో ఉండగా నేను ఇంటికి వెళ్లనా అని అతడు రాజనగరు వాకిట్లోనే పడుకున్నాడు. తాగించినా వెళ్లలేదు. చివరికి, యుద్ధం ముమ్మరంగా ఉన్నచోట ఊరియాను నిలిపి మీరు వెనక్కి తగ్గండి అని సేనాపతి యోవాబుకు ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు.

పిలిపించాడు, రప్పించాడు, తాగించాడు, చంపించాడు. ‘ఇంచు’ ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. రాజు తన చెయ్యి కదపకుండా ఇతరుల చేత చేయిస్తున్నాడు. వీటిలో ఒక్కటీ కాలుజారి జరిగేది కాదు. పైగా ‘పడిపోయాడు’ అంటే కథలోంచి ఊరియా మాయమైపోతాడు. పడినవాడికి దెబ్బ తనకే తగులుతుంది. ఇక్కడ ప్రాణం పోయింది ఇంకొకడిది.

నాతాను ప్రవక్త ఆ హత్యను యోవాబు మీదకు నెట్టలేదు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పాడు. వాడు చావదగినవాడని రాజు మండిపడగానే ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు. దానికి దావీదు జవాబు: నేను పాపము చేసితిని. చివరి ‘ని’ ఉత్తమ పురుషకు గుర్తు. ‘నేను’ అనే మాట తీసేసినా చేసినవాడెవరో క్రియలోనే తెలిసిపోతుంది. ‘పాపం జరిగింది’ అంటే ఆ గుర్తు ఉండదు.

దీని పక్కన 1 సమూయేలు 15వ అధ్యాయంలో, దావీదుకు ముందు రాజైన సౌలు మాట పెట్టి చదవండి. అమాలేకీయులనే శత్రుజాతిని పశువులతో సహా నిర్మూలం చేయమన్నది దేవుని ఆజ్ఞ. వారి గొర్రెల్లో మంచివాటిని ఎందుకు మిగిల్చారని సమూయేలు ప్రవక్త అడిగితే, వాటిని ఉంచింది జనులు, మిగతావి నిర్మూలం చేసింది మేము అంటాడు. ఆజ్ఞ మీరినచోట ‘వారు’, నెరవేర్చినచోట ‘మేము’! తరువాత అతడూ ‘పాపము చేసితిని’ అన్నాడు. ఆ వెంటనే, పెద్దల యెదుట నన్ను ఘనపరచు అని అడిగాడు. ఇద్దరు రాజుల తేడా పిల్లలకు చెప్పాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తోచదు.

కాబట్టి ఇలా రాయండి: ‘దావీదు ఊరియాకు అన్యాయం చేశాడు, అతణ్ని చంపించాడు. నాతాను నిలదీసినప్పుడు, నేను పాపం చేశాను అని ఒప్పుకున్నాడు.’

‘చేశారు’ అక్కర్లేదు. తెలుగు బైబిలులో నాతాను రాజును ‘నీవు’ అనే అంటాడు. కీర్తనల్లో దావీదు దేవుణ్ని కూడా ‘నీవు’ అనే పిలుస్తాడు.