నాన్నగారిది వయసు మతిమరుపేనా, డిమెన్షియానా?

72 ఏళ్ల నాన్నగారిని నెల్లూరు నుంచి బెంగళూరు తెచ్చుకున్నామని, అడిగిందే అడుగుతున్నారని, ఇది వయసు మతిమరుపో డిమెన్షియానో ఎలా తెలుస్తుందని అడిగారు. డిమెన్షియా అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయి, రోజూ చేసుకునే పనులు కూడా కష్టమైపోవడం. ఇక్కడ బీటీఎం లేఅవుట్‌లో మా అత్తయ్యను ఇంట్లోనే చూసుకుంటున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం, పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం వయసుతో ఎవరికైనా ఉండేవే. ఏళ్ల తరబడి చేసిన పని చేతకాకుండా పోతే మాత్రం ఆలోచించాలి. అత్తయ్యది అనంతపురం. ఉగ్గాణి ఆవిడ కళ్లు మూసుకుని చేసేవారు. ఒకరోజు బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, ఆ ముద్ద చేతిలో పట్టుకుని పొయ్యి ముందు నిలబడిపోయారు. బాణలిలో పోపు మాడిపోతోంది. తర్వాత ఏం చేయాలో ఆవిడకు తోచడం లేదు. అడిగిందే అడగడం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

డిమెన్షియా ఒక్క జబ్బు కాదు. దానికి కారణాలు చాలా, అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. కానీ బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ మందగించినా, డిప్రెషన్ ఉన్నా, ఎప్పుడో పడిన దెబ్బకు తలలో రక్తం చేరినా, కొన్ని నిద్రమాత్రల వల్ల కూడా ఇలాగే ఉంటుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అందుకే 'వయసైపోయింది కదా' అని వదిలేస్తే నాకు బాధేస్తుంది. రక్తపరీక్షలు, తల స్కాన్, వినికిడి పరీక్ష చేయించండి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంగా మారిపోతే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. యూరిన్ ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం లాంటివి అలా చేస్తాయి.

ఇక్కడ హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, మానసిక, మెదడు, నరాల జబ్బులకు వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి. ఎక్కడ చూపించినా, జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో చేయమని అడగండి. కన్నడలోనో ఇంగ్లీషులోనో అడిగితే, ఆయన భాష రాక ఆగారో, గుర్తులేక ఆగారో తేలదు. భాషకూ ఈ జబ్బుకూ సంబంధం ఉంది కూడా. మెదడు, నరాల వైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాదులో 648 మంది రోగుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది.

అల్జీమర్సే అని తేలితే, డోనెపెజిల్ లాంటి మాత్రలు లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచొచ్చు, నయం మాత్రం చేయవు.

ఇంట్లో 'నేనెవరో చెప్పు', 'పొద్దున ఏం తిన్నావు' అని పరీక్షలు పెట్టొద్దు. కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే మెదడు భాగం సాధారణంగా ముందు దెబ్బతింటుంది. అందుకే పెళ్లినాటి భోజనం గుర్తుంటుంది, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. కావాలని చేస్తున్నది కాదు. సాయంత్రమైతే అత్తయ్య "ఇంటికి పోదాం పామ్మా, ఎనుముకు గడ్డి వేయల్ల" అంటూ గుమ్మం దాకా వస్తారు. ఇదే మన ఇల్లని వాదిస్తే ఏడుస్తారు. "పాలెన్ని ఇస్తుంది అత్తయ్యా?" అంటే కూర్చుని చెప్తారు, ఆ ఆదుర్దా తగ్గుతుంది. చీకటి పడకముందే లైట్లన్నీ వేయడం కూడా పనికొస్తోంది.

బ్యాంకు, ఆస్తి కాగితాల పనులు ఆయనకు అర్థమవుతున్నప్పుడే, ఆయన్నే అడిగి చూసుకోండి. ఊరు కొత్త, గేటు దాటితే దారి తెలియదు. చొక్కా జేబులో అడ్రసు, మీ ఫోన్ నంబరు ఉంచండి. వాచ్‌మన్‌కూ, వీధి చివర కిరాణా కొట్టాయనకూ సంగతి చెప్పి పెట్టండి.