ఫుట్‌బాల్ కోసం హన్మకొండ వచ్చేస్తున్న బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి హన్మకొండ వచ్చేస్తున్నావట, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే సెంటర్ పెడతావట. చెప్తూ చెప్తూ ఏడ్చింది. నేను ధైర్యం చెప్పాను గానీ నాకూ నిద్ర పట్టలేదు. పొద్దుగాల లేచి, నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ తీసి మొత్తం చదివాను. మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ విజన్ 2047 అని కాగితం పెట్టింది కదా, ఆ ఏడాదికల్లా మన దేశం గట్టి జట్టు కావాలంటే వరంగల్ లాంటి ఊళ్లో ఏం జరగాలి అని రాసుకున్నావు చూడు, అది చదివి ఎంత గర్వపడ్డానో చెప్పలేను. మన ఇంట్లో ఇంత దూరం ఆలోచించినవాళ్లు ఎవరూ లేరు. భయం కూడా అందుకే వేసింది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. గ్రౌండ్ ఎవరిదైనా సరే నోటి మాట మీద తీసుకోకు, కాగితం రాయించుకో. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మూడో సైజు బంతి, పన్నెండేళ్ల వరకు నాలుగు, ఆ తర్వాతే అయిదు. ఫీజు కట్టలేని పిల్లల్ని వెనక్కి పంపకు, కానీ ఎంతమందిని ఉచితంగా తీసుకోగలవో ముందే లెక్క వేసుకో. కోచ్‌లకిచ్చే డి లైసెన్స్ వచ్చిందని ఆగిపోకు, దాని పై మెట్టు సి లైసెన్స్‌కు ఇప్పట్నుంచే డబ్బు పక్కన పెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీ ప్లాన్‌లో లేనిది ఒకటుంది. పిడుగు. జూన్‌లో మన దిక్కు తొలకరి ఎట్లా వస్తుందో నీకు తెలుసు, ప్రతి ఏడాది పొలాల్లో, చెట్ల కింద ఎంతమంది పోతున్నారో పేపర్లో చూస్తూనే ఉంటాం. ఫుట్‌బాల్ గ్రౌండ్ అంటే చుట్టూ ఏమీ లేని మైదానం, దాని మధ్యలో పిల్లలు. ఉరుము వినబడిందంటే ఆట ఆపి అందర్నీ పక్కా బిల్డింగ్‌లోకి తీసుకుపో, చెట్టు కిందకు కాదు, రేకుల షెడ్డు కిందకు కాదు, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఒక్కరిని కూడా బయటకు రానివ్వకు. అవతలి కోచ్ అరవనీ, తల్లిదండ్రులు గొణగనీ. నేను పిల్లల్ని ఆడించే రోజుల్లో ఒక సాయంత్రం గోల్‌పోస్టు వెనకాల తాటిచెట్టు మీద పిడుగు పడి నిలువునా కాలింది, కాసేపటి ముందే పిల్లలు దాని కింద కూర్చుని నీళ్లు తాగారు. ఇప్పటికీ ఆకాశం నల్లబడితే నాకు కాళ్లు ఆడవు. గ్రౌండ్ చూసేటప్పుడు గడ్డి ఎట్లా ఉందో తర్వాత చూడు, వంద అడుగుల్లో తలుపులున్న బిల్డింగ్ ఉందా అన్నది ముందు చూడు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడున్నర దాటితే బంతి ముట్టనివ్వకు.

ఇక ఉద్యోగం సంగతి. పూర్తిగా ఎందుకు మానేస్తున్నావు? ఐస్‌లాండ్ 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు పోయింది, ఆ జట్టు ఇద్దరు కోచ్‌లలో ఒకాయన హైమిర్ హాల్‌గ్రిమ్సన్ పళ్ల డాక్టరు. దేశం జట్టును నడిపిస్తూ కూడా ఆయన పళ్లు చూడటం మానలేదు. ఆ దేశ జనాభా మన వరంగల్ నగరంలో సగం కూడా ఉండదు. చలికి బయట ఆడలేరని 2000 తర్వాత ఊరూరా లోపల ఆడుకునే హాళ్లు కట్టుకున్నారు, చిన్నపిల్లలకు నేర్పేవాళ్లకు కూడా పెద్ద లైసెన్సులు ఇప్పించారు, వాళ్లలో చాలామందికి వేరే ఉద్యోగాలుంటాయి, సాయంత్రం కోచింగ్‌కు వస్తారు. నువ్వు కూడా ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం ఒకటి చూసుకుని రా. జీతం వచ్చే కోచ్ స్పాన్సర్ ముందు వంగి నిలబడాల్సిన పని లేదు. ఎందుకు చెప్తున్నానో ఇంకాసేపటికి అర్థమవుతుంది.

మూడో పేజీలో మొదటి ఏడాది అండర్-13 జిల్లా కప్పు, రెండో ఏడాది రాష్ట్ర కప్పు అని టార్గెట్ రాశావు. కొట్టేయ్. ఈ ఒక్క విషయంలో నిన్ను తిడుతున్నాననుకో, పర్వాలేదు.

నేను రైల్వేలో చేరిన కొత్తలో మా దగ్గర పదహారేళ్ల లోపు పిల్లల జట్టు ఒకటుండేది. దాని పేరు ఇప్పుడెందుకు, నడిపినవాళ్లలో చాలామంది పోయారు కూడా. అందులో ఒక పిల్లవాడు, అందరూ పొట్టోడు అని పిలిచేవాళ్లు, వాళ్ల నాన్న మిల్లులో పనిచేసేవాడు. ఎడమ కాలితో ఆడేవాడు. బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి అటూ ఇటూ చూసుకునేవాడు. ఎవరూ నేర్పలేదు, వాడికి అదే అలవాటు. బంతి కాలికి తగిలేసరికి అది ఎవరికి పోవాలో వాడికి తెలిసిపోయి ఉండేది. పెద్ద పెద్ద టోర్నమెంట్లు చూసిన మా సీనియర్లు కూడా వాడు ఆడుతుంటే మాట్లాడటం ఆపి చూసేవాళ్లు.

టోర్నమెంట్ దగ్గరపడేసరికి జట్టు నడిపేవాళ్లకు కప్పు మీద ఆశ పుట్టింది. కప్పు తెస్తే అందరికీ బూట్లు, జెర్సీలు ఇప్పిస్తానని ఒక పెద్దమనిషి మాటిచ్చాడు. ఇంకేముంది, ఎక్కడెక్కడి నుంచో మీసాలు గీయించిన పోరగాళ్లను పట్టుకొచ్చారు, కాగితాల మీద మాత్రం పదిహేను, పదహారేళ్లు. పొట్టోడిని పక్కన కూర్చోబెట్టారు. వాడితో పాటు నిజంగా పదిహేనేళ్లున్న పిల్లలు ఇంకొందరిని కూడా. కప్పు గెలిచారు, దండలు వేసుకుని ఫొటో దిగారు, ఊళ్లో తిప్పారు. వాడు నీళ్ల బిందె మోశాడు. మరుసటి ఏడాది అదే జరిగింది, ఆ తర్వాత వాడు రావడం మానేశాడు. కొన్నేళ్లకు స్టేషన్ బయట ఎవరో అన్నా అని పిలిస్తే తిరిగి చూశాను, చూడటానికి తల పైకెత్తాల్సి వచ్చింది, నాకన్నా పొడుగయ్యాడు. ఆడుతున్నావా అని అడిగితే, ఎవరు ఆడిస్తరన్నా అన్నాడు.

ఆ మీసాలు గీయించిన పోరగాళ్లేమయ్యారో తెలుసా? ఒక్కరు కూడా పైకి పోలేదు. చిన్నపిల్లల మీద తోసుకుంటూ, ఉరుకుతూ గెలిచినవాళ్లకు తమ వయసువాళ్లతో ఆడాల్సి వచ్చేసరికి బంతి ఆపడం కూడా రాలేదు. ఒక్క కప్పు కోసం రెండు వైపులా పిల్లలు ఆగమయ్యారు. దేశం మొత్తంలో ఊరూరా ఇదే జరిగితే ఇరవై ఏళ్ల తర్వాత జట్టు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మోసం మన ఒక్కరిదే కాదు, అందుకే 2009 నుంచి అండర్-17 ప్రపంచ కప్‌లో మణికట్టుకు ఎంఆర్‌ఐ తీసి చూస్తున్నారు. కానీ ఇక్కడ అసలు సంగతి కాగితం మోసం కూడా కాదు బిడ్డా. వయసు నిజమే అయినా, జనవరిలో పుట్టినవాడు డిసెంబర్‌లో పుట్టినవాడి కంటే దాదాపు ఏడాది పెద్ద. పన్నెండేళ్ల పిల్లల్లో ఆ తేడా చాలా ఉంటుంది. కప్పు కావాలనుకున్న కోచ్ కన్ను ఎప్పుడూ పొడుగు పిల్లల మీదే పడుతుంది.

బెల్జియం వాళ్లు ఇది పట్టుకున్నారు. 2000లో యూరో కప్ సొంత గడ్డ మీద పెట్టుకుని మొదటి రౌండ్‌లోనే ఇంటికి పోయారు. ఆ తర్వాత కూర్చుని కింది నుంచి మార్చుకుంటూ వచ్చారు. చిన్నపిల్లలతో ఇద్దరికిద్దరు, అయిదుగురికి అయిదుగురు, ఎనిమిదిమందికి ఎనిమిదిమంది చొప్పున ఆడించారు, మరీ చిన్నవాళ్ల లీగులకు పాయింట్ల పట్టికే తీసేశారు. ఒళ్లు ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసం వేరే జాతీయ జట్లు పెట్టారు, ఫ్యూచర్స్ అని. మా పొట్టోడు అక్కడ పుట్టి ఉంటే అందులో ఉండేవాడు. 2018 ప్రపంచ కప్‌లో బెల్జియం మూడో స్థానం. పద్దెనిమిదేళ్లు పట్టింది.

కాబట్టి నీ సెంటర్‌లో వచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడు ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం ఆట ఆడాలి. ఓడిపోతారు, మొదట్లో బాగా ఓడిపోతారు, తల్లిదండ్రులు గొడవ చేస్తారు. జాయిన్ చేసుకునే రోజే వాళ్లకు ఇది చెప్పు. స్పాన్సర్ వచ్చి కప్పు అడిగితే డబ్బు వద్దని చెప్పు. చెప్పగలగాలంటే నీకు జీతం ఉండాలి.

రహీం సాబ్ గురించి నీ ప్లాన్‌లో ఒక్క లైన్ రాశావు, సయ్యద్ అబ్దుల్ రహీం, మన దేశం జట్టు కోచ్, 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు అని. పతకాలు సరే, ఆయన ఏం చేశాడో చూడు. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్. బలం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు, డ్రిబ్లింగ్ చేయకుండా, అంటే బంతిని ఒక్కడే కాలితో తోసుకుంటూ పోకుండా, పాసులతోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది ఆయన చేతుల్లోనే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టును 10-1తో చిత్తు చేసింది, మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అదే కోచ్, నాలుగేళ్ల తర్వాత మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకుపోయాడు. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు, మన తెలంగాణ పిల్లవాడు. 1962లో జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు.

ఆ తర్వాత 1970లో ఒక కాంస్యం, అంతే, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మగవాళ్లకు మళ్లీ పతకం రాలేదు. మా తరం అంతా ఆయన పేరు తలుచుకుని బాధపడుతూనే పెరిగింది. ఆయనలాంటి మనిషి మళ్లీ పుట్టలేదని బాధపడ్డాం గానీ, ఆయన ఉన్నప్పుడే ఆ పని చేయగల వందమందిని ఎందుకు తయారు చేసుకోలేదని అడగలేదు.

జపాన్‌కు కూడా అట్లాంటి రోజులొచ్చాయి. 1960లో జర్మనీ నుంచి డెట్మర్ క్రామర్ అనే కోచ్‌ను తెచ్చుకున్నారు, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు, తర్వాత మనలాగే కిందకు జారారు. కానీ వాళ్లు 1993లో 10 క్లబ్బులతో జె లీగ్ మొదలుపెట్టారు. క్లబ్బుకు కంపెనీ పేరు కాదు, ఊరి పేరుండాలి. ప్రతి క్లబ్బుకు పిల్లల జట్లుండాలి. 1998లో మొదటిసారి ప్రపంచ కప్‌కు పోయారు, 2022లో జర్మనీని, స్పెయిన్‌ను ఓడించారు. మొరాకో రబాత్ దగ్గర అకాడమీ తెరిచింది 2009లో, ప్రపంచ కప్ సెమీఫైనల్ ఆడింది 2022లో. ఏ దేశం చూసినా పెద్ద జట్లను ఓడించడానికి పది పన్నెండేళ్లకు తక్కువ పట్టలేదు. డబ్బుతో తొందర చేద్దామనుకున్న చైనాలో గ్వాంగ్‌జౌ క్లబ్బు రెండుసార్లు ఆసియా చాంపియన్ అయి కూడా 2025లో మూతపడింది. అంతదూరం ఎందుకు, 2022లో మన దేశంలో పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ జట్టు ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు, ఢిల్లీకి పోయింది. 2017లో అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలోనే పెట్టారు, స్టేడియాలు నిండాయి, మనవాళ్లు మూడు మ్యాచ్‌లూ ఓడారు. 2025లో హాంకాంగ్ చేతిలో, సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్‌కే పోలేకపోయాం. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

అందుకని నీ ప్లాన్‌లో నువ్వు ఒక్కదానివే ఉండటం నాకు నచ్చలేదు. సోమవారం నుంచి శనివారం దాకా నువ్వే, జ్వరమొస్తే సెంటర్ మూత. కాజీపేటలో రైల్వే గ్రౌండ్‌కు వచ్చే కుర్రాళ్లలో ఇద్దరిని, డిగ్రీ చదివే ఆడపిల్లల్లో ఇద్దరిని, గవర్నమెంట్ స్కూల్ పీఈటీ సార్‌ను ఒకరిని మొదటి నెలలోనే కలుపుకో. వాళ్లకు డి లైసెన్స్ కోర్సు ఫీజు నువ్వు కట్టు, నేను కూడా కొంత ఇస్తా. రోజూ ఏం నేర్పావో, ఏది పనిచేయలేదో తెలుగులో నోట్‌బుక్‌లో రాయి, భూపాలపల్లిలోనో జమ్మికుంటలోనో ఎవరైనా మొదలుపెడితే ఆ నోట్‌బుక్ ఇవ్వాలి.

ఆడపిల్లల బ్యాచ్ రెండో ఏడాది అని రాశావు. మొదటి రోజే పెట్టు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ దేశానికి ఆడుతోంది. మన ఆడపిల్లల జట్టు 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. మగపిల్లలకంటే వీళ్లే ముందు ప్రపంచ కప్ చూస్తారని నాకు నమ్మకం. మోకాళ్లు మాత్రం పైలం. మోకాలి లిగమెంట్ తెగడం ఆడపిల్లల్లో ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, దానికి బంతి, కోన్లు తప్ప సామాను ఏమీ అక్కర్లేదు, పెద్ద పిల్లలతో ప్రతి ప్రాక్టీస్‌కు ముందు చేయించు. నువ్వు కూడా చేయి, నీ కుడి మోకాలు సంగతి నేను మర్చిపోలేదు.

మీ బాపుతో నేను మాట్లాడతా, వాడికి కోపం కాదు, నువ్వు సాయంత్రాలు ఒక్కదానివే గ్రౌండ్ నుంచి వస్తావని దిగులు. ఈ నెలాఖరుకు వస్తావు కదా, అడ్వాన్స్ ఎవరికీ ఇవ్వకు, గ్రౌండ్‌లు నాతో కలిసి చూద్దాం, ఓనర్‌తో బేరం నేనే చేస్తా. కోన్లు, బిబ్స్ కొనకు, నా దగ్గర అటక మీద మూట ఉంది, మీ పెద్దమ్మ దించి ఉతికి పెడుతోంది.

మీ పెద్దబాపు
కాజీపేట