వ్యాను నేలకు స్ప్రే లైనర్ ఇంట్లోనే వేయవచ్చా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే మా పాత వ్యానులో నేల రేకు గీతలు పడి, అక్కడక్కడ తుప్పు పట్టింది. స్ప్రే లైనర్ (రేకును కాపాడే మందపాటి గట్టి పూత) నేనే ఇంట్లో వేసుకోవచ్చా?

జవాబు: నేల వరకు, స్ప్రేతో కాకుండా రోలరుతో వేసుకోవచ్చు గానీ, అసలు శ్రమంతా పూతకు ముందే ఉంటుంది. తుప్పును మెరిసే రేకు కనిపించేదాకా గీకి, ప్రైమర్ పూసి, మిగిలిన పెయింటును 80 నంబరు ఎమరీ కాగితంతో గరుకుగా రుద్ది, థిన్నరుతో తుడవాలి. మూలలో ఒక్క మిరప గింజ మిగిలినా పూత అక్కడే పొక్కులా లేస్తుంది. నీరు పోయే రంధ్రాలకు, సీటు బోల్టులకు టేపు అంటించండి.

పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) లైనర్లలోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉబ్బసం తెప్పించగలవు, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. అందుకే వ్యాను లోపల స్ప్రే చేయడం ఆటోనగర్‌లో తగిన పరికరాలున్న వారికే వదిలేసి, మీరు రోలరుతో పూసే నీటి ఆధారిత రకాన్ని ఎంచుకుని, తలుపులన్నీ తెరిచి, వాన లేని రోజున రెండు పలుచని పూతలుగా వేయండి.