రేడియేషన్ పేషెంటు వస్తే ముందు ఏం చేయాలి?

ఒంటి మీద రేడియోధార్మిక దుమ్ముతో, రక్తం కారుతూ పేషెంటు క్యాజువాలిటీకి వస్తే ముందు కడగాలా, వైద్యం చేయాలా అని అడిగారు కదా. వైద్యమే ముందండీ. ఊపిరి, రక్తస్రావం చూశాకే మిగతావి. గౌను, మాస్కు, రెండు జతల గ్లౌజులు ఉంటే మామూలుగా మీకు ప్రమాదం చాలా తక్కువ.

బట్టలు నెమ్మదిగా విప్పి కవర్లో కట్టేస్తే పైనున్న దుమ్ములో దాదాపు 90 శాతం దాకా పోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లు, సబ్బు. గట్టిగా రుద్దకండి, చర్మం గీసుకుపోతే లోపలికి దిగుతుంది.

బయటి నుంచి గామా కిరణాలు మాత్రమే తగిలినవాళ్ల నుంచి మీకేమీ అంటదు, టెన్షన్ వద్దు. వాంతి ఎప్పుడు మొదలైందో టైము రాయండి. గంటలోపే అయితే ఒంటికి తగిలిన రేడియేషన్ డోసు బాగా ఎక్కువని అనుమానించాలి. సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) ఆరు గంటలకోసారి పంపి లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎంత వేగంగా పడిపోతున్నాయో చూడండి.

అయోడిన్ మాత్రలు అందరికీ పంచేయడం నా దృష్టిలో అర్థం లేని పని. అవి రేడియోధార్మిక అయోడిన్ నుంచి థైరాయిడ్‌ను కాపాడతాయి, అంతే. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో పాత రేడియోథెరపీ యంత్రంలోంచి సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడి జనం ఒంట్లోకి చేరినప్పుడు వాడింది ప్రష్యన్ బ్లూ, అంటే సీజియాన్ని పేగుల్లో పట్టుకుని బయటికి పంపే మందు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు షాపుల్లోలా కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం కిరణాలు తగిలితే ఈ రెండూ పనికిరావు. ఇన్ఫెక్షన్ రాకుండా చూస్తూ, ఎముక మజ్జ కోలుకునేదాకా నిలబెట్టడమే వైద్యం.