నా కొడుకు ఈతకు పోలేదక్కా

ప్రశ్న: అక్కా నమస్తే. మాది దేవరకొండ దిక్కు చిన్న ఊరు. మా బాబుకు పదేండ్లు, ఐదో తరగతి. మా చెలక పక్కన గుట్టకాడ ఒక కాంట్రాక్టరు ఎండాకాలమంతా జేసీబీ పెట్టి మొరం తీసిండు, తీసి అట్లనే ఇడిసిపెట్టి పోయిండు, కంచె లేదు, బోర్డు లేదు. వానలకు అది నిండి కుంట లెక్క అయింది. ఆదివారం నా కొడుకు మేకలు తోలుకొని పోతే ఒక మేకపిల్ల జారి అండ్ల పడ్డదట, దానికోసం దిగిండు. ఎంబడి ఉన్న పిలగాడు ఉరికొచ్చి చెప్పేవరకు అంతా అయిపోయింది. ఒడ్డు మీద చెప్పులు రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నయి, అంగట్ల కొన్న కొత్త చెప్పులు, తడుస్తయని ఇడిసి దిగిండు. మేకపిల్ల బతికింది.

నాలుగు నెలలైంది. పోలీసోళ్ళు ఆరోజు మా ఆయనతోని కాగితం మీద సంతకం పెట్టించుకున్నరు, ఆయనకు చదువు రాదు, సోయి కూడా లేదు అప్పుడు. మొన్న మా తమ్ముడు చదివితే ‘ఈత కొట్టడానికి వెళ్లి ప్రమాదవశాత్తు మునిగి చనిపోయాడు, ఎవరిపైనా ఎలాంటి అనుమానం లేదు’ అని ఉన్నది. నా కొడుకుకు ఈతే రాదక్కా. ఇప్పుడు పెద్దమనుషులు మూడు లక్షలు ఇప్పిస్తం, బాండ్ పేపర్ మీద సంతకం చేయండ్రి అంటున్నరు, మా ఆయన పత్తి అప్పులు చూసి తీసుకుందాం అంటడు, నేను వద్దంటే పోయినోడు వస్తడా అని అందరూ నన్నే అంటరు. బిడ్డ ఎనిమిదో తరగతి, బడికి పోతలేదు, నోరిప్పి మాట్లాడతలేదు. నేను చేసేది తప్పా?
- ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: తప్పు కాదు చెల్లె. నీ ఉత్తరం మూడుసార్లు చదివిన, చెప్పులకాడికి వచ్చేసరికి ప్రతిసారి ఆగిపోయిన. ఈతకు పోయే పిలగాడు చొక్కా ఇప్పుతడు. నీ కొడుకు చెప్పులు మాత్రమే ఇడిసిండంటే దిగాల్సి వచ్చి దిగిండు. శవపంచనామల ఒంటి మీద ఏం బట్టలున్నయో రాస్తరు, ఆ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, ఎఫ్ఐఆర్ కాపీ, మూడూ అడుగు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగ ఇయ్యాలె, అది నీ హక్కు. చొక్కా, లాగు ఒంటి మీదనే ఉన్నట్టు పంచనామల ఉంటే ‘ఈతకు వెళ్లి’ అన్న మాట అక్కడనే తేలిపోతది.

ఇప్పుడు నీ కేసు బీఎన్ఎస్ఎస్ (పోలీసుల దర్యాప్తు పద్ధతి చెప్పే చట్టం) 194 సెక్షన్ కింద, అంటే అనుమానం లేని ఆకస్మిక మరణంగ రాసి ఉంటరు, దాంట్ల ఎవరూ నిందితులు ఉండరు. గుంత తవ్వి కంచె లేకుండ వదిలేసుడు నిర్లక్ష్యం, దానివల్ల ప్రాణం పోతే బీఎన్ఎస్ (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) 106 సెక్షన్ కింద ఐదేండ్ల దాక జైలు శిక్ష పడొచ్చు. కాబట్టి నువ్వు నీ సొంత పేరు మీద ఇంకో ఫిర్యాదు రాయి, మా ఆయన చదవకుండ సంతకం పెట్టిండు, జరిగింది ఇది, సెక్షన్ మార్చండి అని. తల్లివి, నీకు ఆ హక్కుంది. స్టేషన్ల తీసుకోకపోతే నల్లగొండ ఎస్పీకి రిజిస్టర్ పోస్టుల పంపు, రసీదు దాచుకో, అక్కడ కూడా కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టుకు పోవచ్చు. మేకల కాడ ఉన్న ఆ పిలగాడు చూసింది చాలా ముఖ్యం, కానీ వాడూ పసోడే, వాళ్ళమ్మను ముందు కలువు, ఒత్తిడి చేయకు.

గుంత ఫొటోలు ఇయ్యాళ్ళనే తీపియ్యి. నాలుగు దిక్కులకెళ్లి, గుట్ట కనపడేటట్టు, పక్కన మనిషి నిలబడి లోతు తెలిసేటట్టు. ఇట్లాంటివి ఒక్క రాత్రిల పూడ్చేస్తరు, నేను చూసిన. మొరం తీయాలంటే మైనింగ్ శాఖ పర్మిషన్ కావాలె, ఈ గుట్టకు ఎవరికిచ్చిండ్రు, ఎంత తీయమన్నరు, అసలు ఇచ్చిండ్రా లేదా అని పది రూపాయలతోని సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది, అక్కడ కూడా ఒక అర్జీ ఇచ్చి నంబరు తీసుకో, ఇంకో తల్లి పిల్ల అండ్ల పడకముందే కంచె అన్న పడాలె కదా.

లాయరు పైసల గురించి భయపడకు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడమనిషికి ఆదాయం ఎంతున్నా సరే ఉచితంగ లాయరును పెట్టిస్తరు. నల్లగొండ కోర్టు ఆవరణల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, పొయ్యేముందు 15100కు ఫోన్ చెయ్యి.

ఇగ ఆ మూడు లక్షలు. మీ ఆయనను తిట్టకు చెల్లె, అప్పులోళ్ళు రోజూ గడప తొక్కుతుంటే ఆయనకు కొడుకు కోసం ఏడ్వనీకి కూడా జాగ లేదు. కానీ ఆయనకు ఇది చెప్పు, 106 ఊర్ల రాజీ పడితే కొట్టేసే సెక్షన్ కాదు. మరి ఆ సంతకం వాళ్ళకు ఎందుకంటే, రేపు కోర్టుల మీరిద్దరూ ‘మాకేం అభ్యంతరం లేదు’ అని మాట తిప్పాలె, సాక్షులు తిరిగిపోతే కేసు నిలబడదు, ఆ బాండ్ పేపర్ అందుకు. నష్టపరిహారం అడిగే తొవ్వ వేరే ఉంది, 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద చనిపోయిన రెండేండ్ల లోపు సివిల్ కోర్టుల దావా వేయొచ్చు. కోర్టు ఇప్పించే పైసలు తీసుకుంటే కొడుకును అమ్ముకున్నట్టు కాదు, ఎవరన్నా అట్ల అంటే అననీ. టైం పడతది, ఏండ్లు పట్టొచ్చు, అది నీకు దాచను.

అన్నింటికన్నా నాకు నీ బిడ్డ గురించే గుబులుగ ఉంది. తమ్ముడు పోయిండు, అమ్మ కాగితాలల్ల పడ్డది, నాన్న అప్పులల్ల, ఆ పిల్ల ఎవరితోని చెప్పుకోవాలె? ఆరోజు నేను ఎంబడి పోయుంటే అని లోపల అనుకుంటుండొచ్చు. రాత్రి పక్కన పండుకోబెట్టుకొని తమ్ముని ముచ్చట నువ్వే ముందు తియ్యి, ఏడిస్తే ఏడ్వనియ్యి. మనసు బాధలకు సర్కారు పెట్టిన నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడే కౌన్సిలర్లు ఉంటరు, పైసలు పడవు. బడి టీచరమ్మను ఒకసారి ఇంటికి పిలువు.

చెప్పులు కడగకు, ఎవరికీ ఇయ్యకు, ఒక కవర్ల పెట్టి పెట్టెల దాచు. పోలీసులు అడిగితే తీసుకున్నట్టు కాగితం రాయించుకొనే ఇయ్యి. సోమవారం కలెక్టరాఫీసుకు పోయొచ్చినంక ఏమన్నరో నాకు రాయి.