గిలిగిచ్చ మొక్కల దగ్గర కాషాయ రెక్కలు

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. వానలు పడ్డాక మా ఇంటి వెనక బీడులో పట్టపగలే కాషాయ రంగు రెక్కల మీద నల్ల చుక్కలున్నది ఒకటి ఎగురుతోంది. నేను సీతాకోకచిలుక అంటే మా అబ్బాయి కాదంటున్నాడు. వాడు దాన్ని చేత్తో పట్టుకున్నాడు కూడా, విషమేమోనని టెన్షన్‌గా ఉంది. ఫోటో పంపుతున్నాను, అంత బాగా రాలేదు. ఇదేమిటో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు టెన్షన్ వదిలేయండమ్మా, అది కుట్టదు, కరవదు. పట్టుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు. మీ అబ్బాయి మాటే నిజం, అది సీతాకోకచిలుక కాదు, టైగర్ మాత్ అనే రకం రెక్కల పురుగు. వాలినప్పుడు ఇంటి కప్పులా రెక్కలు ఏటవాలుగా వీపు మీదికి దించుకుంటుంది. మీసాలు దారంలా ఉంటాయి, సీతాకోకచిలుకకైతే మీసం కొసన చిన్న గుండులా లావుగా ఉంటుంది. పగలు ఎగిరిందని మోసపోనక్కర్లేదు, రాత్రి లైటు దగ్గరికీ ఇదే వస్తుంది.

ఫోటో మసకగా ఉన్నా ముందు రెక్క మీద ఒక్కో నల్ల చుక్క చుట్టూ సన్నటి లేత రంగు అంచు కనిపిస్తోంది, కాటుక బొట్టు చుట్టూ గంధం దిద్దినట్టు. దాన్నిబట్టి ఇది ఆర్జినా ఆస్ట్రియా అనుకుంటున్నాను. అయితే మాంగినా ఆర్గస్ అని దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది, దానికీ ఇలాంటి చుక్కలే. కాకపోతే దాని ముందు రెక్కలు బూడిద, గోధుమ కలిసిన రంగులో ఉంటాయి, వెనక రెక్కలు కుంకుమలా ఎర్రగా ఉంటాయి. అందుకే ఈసారి రెక్కలు విప్పినప్పుడు ఒక ఫోటో తీయండి.

నన్నడిగితే పురుగు కంటే ముందు చూడాల్సింది అది తిరిగే మొక్కని. మీ బీడులో పసుపు పచ్చటి పూలతో, ఎండాక ఊపితే గలగలమనే కాయలతో గిలిగిచ్చ మొక్కలు ఉండే ఉంటాయి, లేదంటే పక్క చేనులో ఎవరైనా పచ్చిరొట్టకి జనుము చల్లి ఉంటారు. జనుము, గిలిగిచ్చ ఒకే జాతివి. ఈ పురుగు పిల్లలు, అంటే గొంగళిపురుగులు, వాటి ఆకులు తిని, తర్వాత కాయకి కన్నం పెట్టి లోపలి గింజలు తింటాయి. జనుము పూతలోనే దున్నేసేవాళ్లకి దీనితో పెద్దగా నష్టం లేదు, విత్తనం కోసం ఉంచినవాళ్లకే ఇబ్బంది.

ఆ మొక్కల్లో కాలేయాన్ని దెబ్బతీసే చేదు విషం ఉంటుంది, పశువులకి కూడా మంచిది కాదు. ఈ పురుగులు మాత్రం దాన్ని తిని ఒంట్లో దాచుకుంటాయి, పెద్దయ్యి రెక్కలొచ్చాక కూడా అది అలాగే ఉంటుంది. ఆ మెరిసే రంగు పిట్టలకి ముందుగా చెప్పడానికే, నన్ను తింటే నోరు చేదవుతుందని. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఐస్నర్, ఆయన తోటివాళ్లు అక్కడి టైగర్ మాత్ ఒకదాని మీద పరీక్షలు చేశారు. సాలెగూట్లో చిక్కిన దాన్ని సాలీడు ముట్టి చూసి, తినకుండా, చుట్టూ ఉన్న దారాలు తనే తెంపి వదిలేసిందట! అదే రకం పురుగుని విషం లేని మేతతో పెంచి ఇస్తే మాత్రం తినేసింది. ఈ సంగతి చదివినప్పటి నుంచీ గిలిగిచ్చ మొక్క కనిపిస్తే నేను ఆగకుండా ముందుకి పోలేను.

మీ అబ్బాయికి ఒక పని చెప్పండి. గుండ్రటి కన్నం ఉన్న కాయ దొరికితే పురుగుతో సహా వెడల్పాటి సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, రోజూ తాజా కాయలు, ఆకులు వేయమనండి. గొంగళిపురుగుని మాత్రం చేత్తో పట్టుకోవద్దు, దాని వెంట్రుకలకి కొందరికి దురద పుడుతుంది. రెక్కలొచ్చాక మళ్లీ ఆ బీడులోనే వదిలేయమనండి.

ప్రశ్న: మా అనంతపురం వైపు వేరుశనగని తినే ఎర్ర గొంగళిపురుగు కూడా టైగర్ మాతేనా?
– ఒక రైతు

జవాబు: అవునండి, అదీ ఆ కుటుంబమే. కానీ మేత వేరు, స్వభావం వేరు. దాని కోశాలు, అంటే గొంగళిపురుగుకి రెక్కలు వచ్చేముందు కదలకుండా ఉండే దశ, నేలలో దాగి ఉండి, తొలకరి వాన పడగానే రెక్కల పురుగులు గుంపులుగా బయటికొస్తాయి, లైటు చుట్టూ మూగుతాయి. అందుకే మొదటి వాన తర్వాత సాయంత్రాలు దీపపు ఎరలు, మంటలు పెట్టమని చెబుతారు. గుడ్లు పెట్టకముందే వాటిని పట్టగలిగితే సగం పని అయినట్టే. ఆ మంటలు చేల గట్ల మీద పెట్టుకోండి, గిలిగిచ్చ బీడు దగ్గర వద్దు.